వేల రూపాయల ఫ్యూజు స్టీరియో శబ్దాన్ని మారుస్తుందా?

వరంగల్ చౌరస్తాలోనో హనుమకొండలోనో ఏ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలో అడిగినా, 20 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గాజు ఫ్యూజు ఐదో పదో రూపాయలకు దొరుకుతుంది. సరిగ్గా అదే కొలతల్లో, అదే ఆంపియర్ రేటింగుతో, వంద డాలర్లకూ రెండు వందల డాలర్లకూ అమ్ముడుపోయే ఫ్యూజులు కూడా ఉన్నాయి. మన రూపాయల్లో అవి పది, ఇరవై వేల దాకా చేరతాయి, అంతకు మించిన ధర ఉన్నవీ లేకపోలేదు. జర్మనీలో హైఫై ట్యూనింగ్, జపాన్‌లో ఫురుటెక్, అమెరికాలో సినర్జిస్టిక్ రీసెర్చ్ వంటి సంస్థలు వీటిని తయారు చేసి, ఆంప్లిఫయర్‌లో ఉన్న మామూలు ఫ్యూజును తీసేసి తమది పెట్టుకుంటే సంగీతం మెరుగుపడుతుందని ప్రచారం చేస్తున్నాయి. బేస్ బిగువుగా వస్తుందని, గాయకుల గొంతు తేటపడుతుందని, వాద్యాలు ఒకదానికొకటి దూరంగా విడివిడిగా వినిపిస్తాయని కొన్నవారిలో చాలామంది చెబుతారు. వారు అబద్ధమాడుతున్నారని అనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించదు. అయితే వారికి వినిపించిన మార్పుకు కారణం ఫ్యూజేనా అన్నది వేరే ప్రశ్న, దానిని చెవితో కాక ముందుగా ఓంలతోనూ వోల్టులతోనూ పరిశీలించాలి.

ఫ్యూజు చేయవలసిన పని ఒక్కటే, అవసరమైనప్పుడు తాను కాలిపోవడం. తీగ గుండా కరెంటు పారినప్పుడు పుట్టే వేడి, కరెంటు వర్గానికీ తీగ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని జూల్ నియమం చెబుతుంది. ఆ వేడి ఒక హద్దు దాటితే తీగ కరిగి తెగిపోతుంది, సర్క్యూటు ఆగిపోతుంది. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతాయి. నిదానంగా కాలే రకం ఫ్యూజుల్లో తీగ మీద తరచుగా తగరం పూతో బొట్టో ఉంటుంది. తగరం 232 డిగ్రీలకే కరిగి, రాగిలోకి ఇంకి, ఆ తీగ తన అసలు ద్రవీభవన స్థానానికి చేరకముందే తెగేటట్లు చేస్తుంది. ఇవన్నీ తయారీదారు ఇష్టానికి వదిలేసిన సంగతులు కావు. చిన్న ఫ్యూజులకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60127 ప్రకారం, గాజు గొట్టపు సాధారణ రకాలు తమ రేటింగుకు ఒకటిన్నర రెట్ల కరెంటును కనీసం గంటసేపు భరించాలి. నిదాన రకమైతే 2.1 రెట్ల కరెంటు వద్ద రెండు నిమిషాల లోపు తెగిపోవాలి. అంటే ఎంత వేడెక్కాలో, ఎంతసేపట్లో కరగాలో ముందే నిర్ణయమైపోయిన తీగ అది.

ఈ చర్చకంతటికీ కీలకం ఇక్కడే ఉంది. వేడెక్కాలంటే నిరోధం ఉండాలి. నిరోధం లేని తీగ వేడెక్కదు, వేడెక్కని తీగ తెగదు, తెగని తీగ ఫ్యూజు కాదు. కాబట్టి ఫ్యూజులో ఆడియో ప్రియులు లోపంగా భావించే నిరోధమే దాని ఉద్యోగం. ఒక రేటింగుకు తగినట్లు తెగాలంటే తీగ మందం, లోహం, పొడవు ఒక ఇరుకైన పరిధిలోనే ఉండగలవు. ఆ పరిధిని దాటి నిరోధాన్ని తగ్గించిన ఫ్యూజు ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు అవుతుందే గాని మేలైన ఫ్యూజు కాజాలదు. వెండి వాడామని చెప్పుకోవడం వల్ల కూడా లెక్క పెద్దగా మారదు, ఎందుకంటే వెండి విశిష్ట నిరోధం రాగి కంటే ఐదారు శాతం మాత్రమే తక్కువ. ఇక బంగారు పూత ఉండేది రెండు చివరల టోపీల మీద. అది తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ లోపలి తీగకూ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఈ ఫ్యూజు ఆంప్లిఫయర్‌లో ఎక్కడ కూర్చుంటుందో చూద్దాం. గోడలోని సాకెట్ నుంచి వచ్చిన 230 వోల్టుల ఏసీ మొదట ఫ్యూజు గుండా, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్ట గుండా వెళుతుంది. సెకండరీ నుంచి వచ్చిన తక్కువ వోల్టేజిని నాలుగు డయోడ్ల రెక్టిఫయర్ డీసీగా మారుస్తుంది, పెద్ద కెపాసిటర్లు దానిని నిలవ చేస్తాయి. స్పీకర్‌కు వెళ్లే కరెంటు ఈ కెపాసిటర్లలోంచి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా వస్తుంది. ఖరీదైన ఫ్యూజుల తరఫున వాదించేవారు చెప్పే ఒక మాటలో నిజం ఉంది. ఆంప్లిఫయర్ అంటే పవర్ సప్లై నుంచి వచ్చే విద్యుత్తునే సంగీతపు ఆకారంలోకి మలిచే పరికరం, కాబట్టి స్పీకర్‌ను కదిలించే శక్తి అంతా చివరికి ఆ ఫ్యూజు దాటి వచ్చిందే. అయితే పాకాల ఆయకట్టులోని మడికి నీరు తూము నుంచి అందుతుంది, చెరువును నింపే వాగులో ఒక చిన్న రాయి ఉన్నంత మాత్రాన తూము దగ్గరి ధార వణకదు. కెపాసిటర్లు ఆ చెరువు పనే చేస్తాయి. రెక్టిఫయర్ సెకనుకు వంద సార్లు, ఏసీ తరంగపు శిఖరాల దగ్గర మాత్రమే, వాటిని కాసేపు నింపుతుంది. ఒక నింపుడుకూ మరో నింపుడుకూ మధ్య ఉండే 10 మిల్లీసెకన్లలో ఎక్కువ భాగం స్పీకర్‌కు కరెంటునిచ్చేది కెపాసిటర్లే. ఆ సమయంలో ఫ్యూజు గుండా పోయే కరెంటు దాదాపు ఏమీ ఉండదు.

అంకెలు వేసి చూస్తే ఇంకా స్పష్టపడుతుంది. మధ్యతరగతి ఇంట్లో మామూలు స్థాయిలో పాటలు వింటున్నప్పుడు ఒక స్టీరియో ఆంప్లిఫయర్ అర ఆంపియర్ కరెంటు తీసుకుంటోందనుకుందాం. అందులో 3.15 ఆంపియర్ల నిదాన రకపు ఫ్యూజు ఉంటే దాని నిరోధం సుమారు 30 మిల్లీ ఓంలు, అంటే ఓంలో వందింట మూడు వంతులు. దాని మీద పడిపోయే వోల్టేజి 0.015 వోల్టులు. 230 వోల్టులలో ఇది పదివేలలో ఒక వంతు కంటే కూడా తక్కువ. కెపాసిటర్లు నిండే క్షణంలో కరెంటు నాలుగు రెట్లై 2 ఆంపియర్లకు చేరిందనుకున్నా, 325 వోల్టుల శిఖరంలో పోయేది 0.06 వోల్టులే. ఖరీదైన ఫ్యూజు నిరోధాన్ని సగానికి సగం తగ్గించిందని ఉదారంగా ఒప్పుకుందాం. అప్పుడు ఆ అర ఆంపియర్ దగ్గర ఆదా అయ్యేది 7.5 మిల్లీవోల్టులు. 50 వోల్టుల డీసీ సప్లై దగ్గరకు వచ్చేసరికి అది 1.6 మిల్లీవోల్టుల తేడా. అదే సప్లై మీద, 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ నుంచి ఒక ఆంపియర్ తీసుకుంటున్నప్పుడు, సెకనుకు వంద సార్లు దాదాపు ఒక వోల్టు మేరకు హెచ్చుతగ్గులు ఎలాగూ ఉంటాయి. వోల్టు మేరకు ఊగే సప్లై మీద కూడా ఆంప్లిఫయర్ నిశ్శబ్దంగా పనిచేస్తుందంటే, దాని సర్క్యూటు సప్లైలోని కదలికలను వెయ్యి రెట్లో అంతకు మించో అణచివేస్తుందన్నమాట. 1.6 మిల్లీవోల్టులను కూడా అదే అణచివేత ఎదుర్కొంటుంది.

పైగా సప్లై వోల్టేజి కాస్త పెరిగినంత మాత్రాన శబ్దం పెరగదు. మామూలు ఆంప్లిఫయర్ ఎన్ని రెట్లు పెద్దది చేయాలన్నది అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు నిర్ణయిస్తాయి, సప్లై వోల్టేజి నిర్ణయించేది గరిష్ఠంగా ఎంత శబ్దం దాకా వెళ్లవచ్చన్న పైహద్దును మాత్రమే. ఆ పైహద్దు పదివేలలో ఒక వంతు పైకి జరిగితే దానిని గుర్తించగల చెవి లేదు.

ఇక్కడ ఎదుటిపక్షాన్ని కూడా కొంచెం మందలించాలి. ఫ్యూజుల ప్రచారాన్ని ఎగతాళి చేసేవారు సాధారణంగా ఒకే వాదన వినిపిస్తారు: రామగుండం నుంచో చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం నుంచో కరెంటు వందల కిలోమీటర్ల అల్యూమినియం తీగల మీదుగా వస్తుంటే, చివర్లో రెండు సెంటీమీటర్ల వెండి తీగ ఏం చేస్తుందని. వినడానికి బాగుంటుంది గాని ఇది తప్పు వాదన. సర్క్యూటులో లెక్కకు వచ్చేది పొడవు కాదు, నిరోధం. బిగువు లేని ఒక స్క్రూ, మసిపట్టిన ఒక ఫ్యూజు క్యారియర్, కొన్ని మిల్లీమీటర్ల మేరలోనే, కిలోమీటర్ల లైను కంటే ఎక్కువ వోల్టేజిని మింగి వేడెక్కగలవు. వీధి స్తంభం మీద తీగలను కలిపే జంపర్ వదులై ఇంట్లో బల్బులు రెపరెపలాడినప్పుడు జరిగేది అదే. కాబట్టి ఫ్యూజు చిన్నది గనుక దానితో తేడా రాదని అనడం సరికాదు. దాని నిరోధం చుట్టూ ఉన్న మిగతా నిరోధాలలో ఎన్నో వంతు అని అడగాలి.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఇళ్లలో లైట్లకూ చిన్న సాకెట్లకూ వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు 12.1 ఓంలు. మీటర్ బోర్డు నుంచి హాల్లోని సాకెట్ 20 మీటర్ల దూరంలో ఉంటే, పోనూ రానూ 40 మీటర్లకు దాదాపు అర ఓం అవుతుంది. ఫ్యూజు నిరోధానికి ఇది పదహారు రెట్లు. ఆంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్ట నిరోధం దాని పరిమాణాన్ని బట్టి కొన్ని ఓంలు ఉంటుంది, అంటే ఫ్యూజుకు వంద రెట్ల దాకా. ఎవరైనా నిరోధం గురించి నిజంగానే బెంగపడుతుంటే, ఆ సాకెట్‌కు కిలోమీటరుకు 7.41 ఓంల నిరోధం ఉండే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగను విడిగా లాగించుకోవడం ఏ ఫ్యూజు కంటే కూడా ఎన్నో రెట్లు ఎక్కువ తేడా తెస్తుంది. అది కూడా చెవికి వినిపిస్తుందని నేను చెప్పడం లేదు.

ఇక సరఫరా వోల్టేజి సంగతి. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే తక్కువ వోల్టేజి సరఫరాకు 6 శాతం అటూ ఇటూ వెసులుబాటు ఇచ్చాయి, అంటే 230 మీద దాదాపు 216 నుంచి 244 వోల్టుల దాకా. ఉత్తర తెలంగాణలో ఊళ్లకు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ పరిధిలో వ్యవసాయ పంపుసెట్లు లెక్కకు మించి ఉన్నాయి. 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలైనప్పుడు, బోర్లకు పెట్టుకున్న ఆటో స్టార్టర్లను తీసేయమని రైతులను అడగవలసి వచ్చింది. కరెంటు పోయి తిరిగి రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలైతే లైను మీద భారం ఎలా పడుతుందో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరలో ఇల్లున్న ఎవరికైనా తెలుసు. పరకాల వైపో నర్సంపేట వైపో సాయంత్రం ఒక మోటారు మొదలైనప్పుడు ఇంట్లో పడిపోయే వోల్టుల పక్కన, ఫ్యూజు మిగిల్చే 7.5 మిల్లీవోల్టులను పెట్టి చూస్తే ఈ వ్యాపారం దేనిని బాగుచేస్తానంటోందో అర్థమవుతుంది. అంత పెద్ద హెచ్చుతగ్గులలో కూడా, వోల్టేజి మరీ దిగజారనంత వరకూ, మంచి ఆంప్లిఫయర్ పాటలో తేడా రానివ్వదు; అలా రానివ్వకుండా ఉండేట్టే దానిని రూపొందిస్తారు.

ఖరీదైన ఫ్యూజుల ప్రచారంలో మరికొన్ని మాటలుంటాయి. వాటిలో అన్నింటికన్నా విచిత్రమైనది దిశ. ఫ్యూజు మీద బాణం గుర్తు వేసి, కరెంటు ఆ దిశలో పారేలా పెట్టాలని, తిప్పి పెడితే శబ్దం మందగిస్తుందని సూచిస్తారు. మన మెయిన్స్, అంటే గోడ సాకెట్‌కు వచ్చే సరఫరా, 50 హెర్ట్జ్ ఏసీ. అందులో కరెంటు సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుంటుంది. బాణం ఎటు చూసినా సగం కాలం కరెంటు దానికి ఎదురుగానే నడుస్తుంది. ఒకవేళ ఏదైనా తీగ నిజంగానే ఒక దిశలో ఎక్కువగా, మరో దిశలో తక్కువగా కరెంటును పోనిస్తే, అది డయోడులా ప్రవర్తించి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి డీసీని పంపుతుంది. కడియం ఆకారంలో ఉండే టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లు కొద్దిపాటి డీసీకే సంతృప్తమై గట్టిగా గుర్రుమంటాయి కాబట్టి అటువంటి ఫ్యూజును ఎవరూ గంటసేపు కూడా ఉంచుకోలేరు.

అతిశీతల ద్రవాలలో ముంచి తీసిన లోహం, అధిక వోల్టేజి శుద్ధి వంటి మాటల మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కరలేదు. వాటి వల్ల ఏ మార్పు వచ్చినా అది తీగ నిరోధంలోనో, మారే కరెంటుకు అది ఎదురు నిలిచే గుణమైన ఇండక్టెన్స్‌లోనో కనిపించాలి, అవి కొలవగలిగినవి. మెయిన్స్‌లోని హై ఫ్రీక్వెన్సీ రొదను ఫ్యూజు వడకడుతుందన్న మాట మాత్రం ఒక లెక్కకు నోచుకుంటుంది. రెండు సెంటీమీటర్ల తీగ ఇండక్టెన్స్ సుమారు 20 నానోహెన్రీలు. మెగాహెర్ట్జ్ దగ్గర కూడా అది ఎదురుపెట్టేది ఓంలో ఎనిమిదో వంతు మాత్రమే. రొదను ఆపాలంటే కాయిల్, కెపాసిటర్ కలిపిన ఫిల్టర్ కావాలి, అది కొన్ని వందల రూపాయలకు దొరికే వస్తువు. ఇక పింగాణీ గొట్టం, అందులో నింపిన ఇసుక కొన్ని ఫ్యూజులలో నిజంగానే ఉంటాయి, అవి ఉపయోగకరం కూడా. కానీ ఆ ఇసుకను పారిశ్రామిక ఫ్యూజులలో వేసేది తీగ తెగిన క్షణంలో పుట్టే విద్యుత్ చాపాన్ని, అంటే ఆ నిప్పురవ్వల వంతెనను, చల్లార్చడానికి. సంగీతపు ప్రకంపనలను అణచడానికని దానిని చూపడం చాలా కాలంగా ఉన్న ఒక మంచి గుణానికి కొత్త పేరు తగిలించడమే.

ఫ్యూజు శబ్దాన్ని పాడుచేసే చోటు అసలు లేదని అనుకుంటే అదీ పొరపాటే. పాత ఆంప్లిఫయర్లు కొన్నింటిలోనూ, మైక్ సెట్ల వారు వాడే కొన్ని స్పీకర్ బాక్సులలోనూ స్పీకర్‌కు వరుసగా ఒక ఫ్యూజు ఉంటుంది. అక్కడ పరిస్థితి పూర్తిగా వేరు, ఎందుకంటే సంగీత సంకేతమే స్వయంగా దాని గుండా వెళుతుంది. గట్టిగా బేస్ మోగుతున్నప్పుడు, 20, 30 హెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీలలో, తరంగపు ప్రతి శిఖరం దగ్గరా తీగ వేడెక్కి, సున్నా దగ్గరకు వచ్చినప్పుడు చల్లబడుతుంది. వేడెక్కినప్పుడు నిరోధం పెరుగుతుంది, చల్లబడ్డప్పుడు తగ్గుతుంది. ఇలా సంకేతంతో పాటు ఊగే నిరోధం ఆ సంకేతాన్నే కొద్దిగా వంచి, అసలు స్వరానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో లేని ధ్వనిని కలుపుతుంది. ఆంప్లిఫయర్ రూపకల్పనలో పేరున్న ఇంగ్లండ్ ఇంజనీరు డగ్లస్ సెల్ఫ్ ఈ డిస్టార్షన్‌ను కొలిచి, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ అది ఎలా పెరుగుతుందో చూపించారు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తీగకు వేడెక్కి చల్లారే వ్యవధి దొరకదు కాబట్టి ఆ దోషం కనుమరుగవుతుంది.

కాబట్టి స్పీకర్ లైనులోని ఫ్యూజు విషయంలో ఆడియో ప్రియుల అనుమానానికి భౌతికశాస్త్రపు అండ ఉంది. కానీ అక్కడ కూడా ఖరీదైన ఫ్యూజు ఆదుకోదు. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరిగితే వెండి నిరోధం 0.38 శాతం పెరుగుతుంది. లోహం మారినంత మాత్రాన ఆ ఊగిసలాట పోదు. నాకు తెలిసినంతలో ఆధునిక రూపకర్తలు ఎంచుకున్న దారి ఆ ఫ్యూజును తీసేయడమే. స్పీకర్‌కు డీసీ వెళ్లకుండా చూసే ఎలక్ట్రానిక్ రక్షణ సర్క్యూటు, దాని ఆదేశంతో తెరుచుకునే రిలే అనే స్విచ్చు ఆ పని చేస్తాయి. అవి లేని పాత యంత్రంలో ఫ్యూజును తీసేస్తే మాత్రం, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయిన రోజున స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

మరి మెయిన్స్ ఫ్యూజు మార్చినవారికి తేడా ఎందుకు వినిపిస్తుంది? ఒక కారణం పూర్తిగా విద్యుత్ సంబంధమైనది. ఏళ్ల తరబడి కదపని ఫ్యూజు హోల్డర్‌లో, ముఖ్యంగా వానాకాలపు తేమ తగిలే ఇళ్లలో, స్ప్రింగు పట్టుల మీద మసి పేరుకుంటుంది. పాత ఫ్యూజును లాగి కొత్తది దోపినప్పుడు ఆ మసి గీసుకుపోతుంది. వదులైన స్పర్శ వల్ల చిటపటలు వస్తూ ఉండినట్లయితే అవి నిజంగానే ఆగిపోతాయి. అయితే అదే పాత ఫ్యూజును తీసి, చివరలు తుడిచి, తిరిగి పెట్టినా అంతే ఫలితం వచ్చేది. బాణాన్ని తిప్పి చూసినవారికి వినిపించే తేడాలో కూడా ఈ గీకుడుకు వాటా ఉండవచ్చు.

ఇంకో కారణం గదిలో ఉంది. మన ఇళ్లలో హాలు అంటే స్లాబు కప్పు, గచ్చుగోడలు, గ్రానైటో టైల్సో పరిచిన నేల. పద్నాలుగు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న గదిలో ఎదురెదురు గోడల మధ్య 40 హెర్ట్జ్, 47 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగాలు ఏర్పడతాయి. ఆ ఫ్రీక్వెన్సీలలో బేస్ గోడ దగ్గర ఉబ్బిపోతుంది, గది మధ్యలో పలచబడుతుంది, రెండింటి మధ్య తేడా పది డెసిబెళ్లు ఉండటం అసాధారణమేమీ కాదు. ఫ్యూజు మార్చడానికి లేచి, తిరిగి వచ్చి, కుర్చీని ఒక అడుగు ముందుకు వేసుకుని కూర్చున్న మనిషి వేరే బేస్‌ను వింటాడు. దాన్ని చూసి ఫ్యూజును మెచ్చుకోవడం సహజమే. నేల మీద కొత్తవాడలో నేసిన ఒక జంపఖానా పరిస్తే పై స్థాయిల ప్రతిధ్వని కొంత తగ్గి మాటల స్పష్టత మారుతుంది. అంత పలచని నేత బేస్‌ను ముట్టుకోలేదు గాని, చెవికి నిజంగా అందే మార్పు చేయడంలో అది ఫ్యూజు కంటే చాలా ముందుంటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ నేత స్టీరియో సామగ్రి జాబితాలలో ఎక్కడా కనబడదనుకోండి.

అన్నింటికంటే బలమైన కారణం వినేవారి మనసు. కొన్ని వేలు పోసి కొన్నది పనిచేయాలనే కోరిక వినికిడిని మలుస్తుంది. ఇది అజ్ఞానులకే పరిమితమైన జబ్బు కాదు, అనుభవజ్ఞులైన శబ్ద ఇంజనీర్లకూ తప్పదు. అందుకే ఏది మోగుతోందో తెలియనివ్వకుండా వినిపించే పరీక్ష పుట్టింది. ఏ, బీ అనే రెండింటినీ వినిపించి, తర్వాత వినిపించిన ఎక్స్ వాటిలో ఏదో చెప్పమని అడిగే పద్ధతిని అమెరికాలోని టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో మన్‌సన్, గార్డ్‌నర్ 1950లో వివరించారు. ఆడియో పరికరాలను పోల్చడానికి దానికొక స్విచ్చు పెట్టెను జోడించి, పరీక్షించేవారికి కూడా జవాబు తెలియని రూపంలో డేవిడ్ క్లార్క్ 1982లో ముందుకు తెచ్చారు. ఇందులో గణితం సులభం. పదహారు సార్లు అడిగినప్పుడు, ఏమీ వినిపించక కేవలం ఊహించేవాడు పన్నెండు లేదా అంతకంటే ఎక్కువ సార్లు సరిగ్గా చెప్పే అవకాశం దాదాపు 4 శాతం. అందుకని పన్నెండుకు చేరితే తేడా వినిపిస్తోందని నమ్మడానికి ఆధారం దొరికినట్లు. ఎనిమిదో తొమ్మిదో వస్తే బొమ్మాబొరుసుతో సమానం.

ఫ్యూజుల విషయంలో ఈ పరీక్షకు ఒక నిజమైన ఇబ్బంది ఉంది, దానిని ఒప్పుకోవాలి. ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యూజు మార్చి, మళ్లీ మొదలుపెట్టేసరికి కొన్ని నిమిషాలు గడుస్తాయి. సూక్ష్మమైన ధ్వని భేదాల జ్ఞాపకం చెవిలో కొన్ని సెకన్లకు మించి నిలవదు. అందువల్ల అలా మార్చి మార్చి విన్నప్పుడు తేడా వినిపించిందనేవారి మాటకు ఎంత విలువో, వినిపించలేదనేవారి మాటకూ అంతే విలువ. దీనికి మేలైన దారి వినికిడిని కాసేపు పక్కన పెట్టడం. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను నాణ్యమైన సౌండ్ కార్డుతో, ఒకే పాటకు, ఒకే వాల్యూమ్ వద్ద, మొదట ఒక ఫ్యూజుతో, తర్వాత మరో ఫ్యూజుతో రికార్డు చేసి, కంప్యూటర్‌లో సమయం సరిపోల్చి ఒకదానిలోంచి మరొకటి తీసేయాలి. రెండూ ఒకటే అయితే మిగిలేది నిశ్శబ్దం, ఇంకా చెప్పాలంటే సౌండ్ కార్డు రొద. సంగీతం ఏదైనా మిగిలి ఉంటే అది ఎంత స్థాయిలో ఉందో డెసిబెళ్లలో కనిపిస్తుంది. రెండోసారి కూడా మొదటి ఫ్యూజుతోనే రికార్డు చేసి తీసివేత చేయడం మరచిపోకూడదు, ఎందుకంటే ఏ మార్పూ చేయకపోయినా ఉష్ణోగ్రత వల్ల, మెయిన్స్ హెచ్చుతగ్గుల వల్ల కొంత శేషం మిగులుతుంది, ఫ్యూజు మార్పు ఆ శేషాన్ని దాటిందా లేదా అన్నదే ప్రశ్న. నిరోధాన్ని నేరుగా కొలవాలనుకుంటే మామూలు మల్టీమీటరు చాలదు, దాని వైర్ల నిరోధమే ఫ్యూజు కంటే ఎక్కువ. బెంచ్ సప్లై నుంచి ఒక ఆంపియర్ డీసీని ఫ్యూజు గుండా పంపి దాని చివరల మధ్య మిల్లీవోల్టులు చూస్తే, ఎన్ని మిల్లీవోల్టులో అన్ని మిల్లీ ఓంలు. ఎక్కడైనా పాలిటెక్నిక్ ల్యాబులో ఐదు నిమిషాల పని.

శబ్దం సంగతి ఇంతటితో తేలిపోయినా భద్రత సంగతి మిగిలే ఉంది, నా దృష్టిలో ఇది డబ్బు వృథా కంటే ముఖ్యమైనది. కొందరు విక్రేతలు అసలు రేటింగు కంటే ఒక మెట్టు ఎక్కువ రేటింగు ఉన్న ఫ్యూజు పెట్టుకుంటే శబ్దం ఇంకా విశాలమవుతుందని సలహా ఇస్తారు. ఊళ్లలో మీటర్ బోర్డు మీది కిట్‌క్యాట్ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని నాలుగు రాగి పోగులు మెలేసి చుట్టేసే అలవాటుకూ ఈ సలహాకూ తేడా ధరలోనే ఉంది. ప్రీస్ అనే బ్రిటిష్ ఇంజనీరు పందొమ్మిదో శతాబ్దంలో ఇచ్చిన సూత్రం ప్రకారం 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క రాగి పోగు దాదాపు 7 ఆంపియర్ల వద్ద కరుగుతుంది. నాలుగు పోగులు కలిపితే ఇంటి వైరింగు మాడినా అది తెగదు. ఆంప్లిఫయర్‌లో రెక్టిఫయర్ డయోడు షార్టయినప్పుడు 3.15కు బదులు 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే, తెగడానికి పట్టే అదనపు సమయమంతా ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ మాడుతూ గడుపుతుంది.

అయినా కొనదలచినవారు, అలాగే పాతది పోయి మామూలుది కొనేవారు కూడా, టోపీ మీద చెక్కి ఉండే అక్షరాలను చదవాలి. టి అంటే నిదానంగా తెగేది, ఎఫ్ అంటే వేగంగా తెగేది. టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటును లాగుతుంది కాబట్టి దానికి టి రకమే వేస్తారు, ఎఫ్ వేస్తే కారణం లేకుండా పోతూ ఉంటుంది. తర్వాత వచ్చే అంకె ఆంపియర్లు. ఆ వెంటనే ఉండే ఎల్ లేదా హెచ్ అక్షరాన్ని చాలామంది పట్టించుకోరు. ఎల్ రకం సురక్షితంగా తెంచగలిగేది 35 ఆంపియర్లు లేదా రేటింగుకు పది రెట్లు, వీటిలో ఏది ఎక్కువైతే అది. హెచ్ రకం 1500 ఆంపియర్ల దాకా తెంచగలదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా ఉన్న ఇంట్లో షార్టు జరిగితే వందల ఆంపియర్లు పారగలవు, అప్పుడు ఎల్ రకపు గాజు గొట్టం పగిలిపోవచ్చు. ఆంప్లిఫయర్ వెనుక హెచ్ అని రాసి ఉన్నచోట, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా, ఎంత కరెంటును సురక్షితంగా తెంచగలదో చెప్పే బ్రేకింగ్ సామర్థ్యం ముద్ర గాని, వీడీఈ, యూఎల్ వంటి పరీక్షా సంస్థల గుర్తు గాని లేని ఫ్యూజును పెట్టకూడదు.